మండువా లోగిలిలో నలభై మంది ముందు రాజకీయ నాటిక: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

వైనతేయ తీరం (రాజోలు వైపు)

సభ్యులందరికీ నమస్కారం. ఉపాధ్యాయులు, కౌలు రైతులు, డిగ్రీ చదువుతున్న పిల్లలు కలిసి తొమ్మిది మందిమి యాభై నిమిషాల నాటిక ఒకటి సిద్ధం చేసుకున్నాము. వరి చేలు వరసగా రొయ్యల చెరువులవుతూ పోతుంటే, నడుమ మిగిలిపోయిన ఒక చేనులోకి ఉప్పు ఊట దిగడం, ఆ చేను కౌలుకు చేస్తున్న మనిషి బస్తాల లెక్క తప్పడం, నష్టం ఎవరి పేరు మీద రాయాలో చెప్పమని అతడు ప్రభుత్వ కచేరీల చుట్టూ తిరగడం ఇందులోని కథ. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు కానీ ఎవరిని అడుగుతున్నామో చూసినవారికి తెలుస్తుంది. ఊరి మధ్య స్టేజీ కట్టుకోవడానికి మొదట సరేనన్నవారు, కథ చెవిన పడ్డాక మాట దాటవేశారు.

మా పక్క ఊరిలో పాత మండువా లోగిలి ఒకటి ఖాళీగా ఉంది. యజమానులు హైదరాబాదులో ఉంటారు. తాళం చెవి ఉన్న బంధువు ఆట ఆడుకోమని సంతోషంగా అన్నారు. నాలుగు వైపులా వసారా, మధ్యలో వాన పడితే నీరు దిగే పల్లం, పైన ఆకాశం. ఆ పల్లంలో నటులు, వసారాలో నలభై మంది ప్రేక్షకులు. తెర అక్కరలేదు, మైకు అక్కరలేదు. ఇటువంటి ఇరుకు చోట, ఎదురు చెప్పే నాటకం ఆడినవారు ఉంటే, మేము ముందుగా ఆలోచించుకోవలసినవి ఏమిటో చెప్పగలరా?

పాత రంగస్థలం (కాకినాడ)

నేను నలభై ఏళ్లకు పైగా పరిషత్తు నాటికలలో వేషాలు వేసినవాడిని. మీ పూనికను మనసారా మెచ్చుకుంటున్నాను, అయినా ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. మన సీమలో ఎదురు చెప్పే నాటకం నలుగురి మధ్య పుట్టింది. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమహేంద్రవరంలో ఆడించిన వ్యవహార ధర్మబోధిని, ఆ ఊరి కోర్టుల చుట్టూ నడిచే ప్లీడర్ల అక్రమాలను ఆ ఊరివారి ముందే నిలబెట్టింది. 1940లలో కమ్యూనిస్టుల కళా బృందం ప్రజా నాట్యమండలి ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని జనం విరగబడి చూశారు కాబట్టే మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. నలభై మంది చూసే ఆటను నిషేధించవలసిన అవసరం ఏ ప్రభుత్వానికి వస్తుంది?

బుర్రకథనే చూడండి. కథకుడికి ఒక ప్రక్క హాస్యపు వంత, రెండవ ప్రక్క రాజకీయపు వంత. కథ ఏ రాజుదైనా కావచ్చు. నడుమ ఆపి ఈనాటి సంగతి అడగడం ఆ రెండవ మనిషి పని. ఆ అడగడం వేలమంది చెవిన పడుతుంది. తలుపు వేసుకుని, మనతో ముందే ఏకీభవించిన నలభై మందికి చెప్పుకుంటే అది మన గుండె బరువు దించుకోవడమే అవుతుందని నా భయం.

గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను. పాత రంగస్థలం గారు చివర అడిగిన ప్రశ్నకు 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టంలోనే సమాధానం ఉంది. నీలిమందు రైతుల బాధల మీద వచ్చిన నీల్ దర్పణ్ వంటి నాటకాలు, వేల్స్ యువరాజు కలకత్తా రాక తరువాత వచ్చిన ఎగతాళి నాటకం దొరతనాన్ని కలవరపెట్టిన ఫలితంగా ఆ చట్టం వచ్చింది. నిషేధించిన ఆట ఆడితే నటుడికే కాదు, నిషేధమని తెలిసి కూర్చుని చూసిన ప్రేక్షకుడికి, ఆటకు తన ఇల్లు ఇచ్చిన యజమానికి కూడా మూడు నెలల దాకా జైలు శిక్ష వేయవచ్చునని అందులో రాశారు. డబ్బు తీసుకుని జనాన్ని లోపలికి పంపే ఏ కట్టడమైనా బహిరంగ స్థలమేనని వివరణ కూడా జోడించారు. అంటే ఒక ఇంటి వసారా గురించి, అందులో కూర్చున్న ఒక్క మనిషి గురించి కూడా వారు ఆలోచించారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్బై ఏళ్లు బతికిన ఆ చట్టం 2018లో రద్దయింది.

ఇప్పుడు మీకు ఎదురుకాగలవి వేరు. మన జిల్లాలలో తరచుగా వినిపించే సెక్షన్ 30 అంటే 1861 పోలీసు చట్టంలోని ముప్పయ్యవ సెక్షను. అది ఊరేగింపులకు, దారిమీద, బహిరంగ స్థలాలలో జరిగే సభలకు సంబంధించినది. గుంపులు చేరకూడదనే పాత 144 సెక్షను స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163 వచ్చింది. అది అమలులో ఉన్న రోజులలో ఆట పెట్టుకోకండి. మైకు వాడకపోవడం మంచి నిర్ణయం, ఎందుకంటే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద లౌడుస్పీకరుకు వ్రాతపూర్వక అనుమతి కావాలి, ఆ అనుమతి దగ్గరే చాలా ఆటలు ఆగిపోతాయి. ఇంటి లోపల ఆడినంత మాత్రాన సంభాషణలకు రక్షణ దొరకదని మాత్రం గుర్తుంచుకోండి. పరువునష్టం, వర్గాల మధ్య వైరం వంటి సెక్షన్లు నాలుగు గోడల మధ్య అన్న మాటకూ వర్తించగలవు. మీ ప్రతిని ఒకసారి ఆ కంటితో చదివించుకోండి.

ఇంకొకటి. గొడవ చేస్తామని ఎవరో బెదిరించారు కాబట్టి ఆట ఆపండి అని అధికారి అంటే, 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది. అది సినిమా గురించి వచ్చిన తీర్పు. బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచడం కుదరదని, ఎదురుతిరిగిన గుంపును అదుపు చేయలేమని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీలులేదని ధర్మాసనం అందులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు నకలు ఒకటి జేబులో ఉంచుకోండి.

దూరదేశి (సొంతూరు తణుకు)

ఇళ్లలో నాటకం ఆడిన చరిత్ర చిన్నది కాదు. 1968 తరువాత చెకోస్లొవేకియాలో రంగస్థలం, సినిమా రెండూ మూసుకుపోయిన ప్రసిద్ధ నటి వ్లాస్తా ఖ్రామొస్తోవా ప్రాగ్‌లోని తన ఫ్లాటు ముందుగదినే రంగస్థలం చేసుకున్నారు. 1978లో నాటకకర్త పావెల్ కొహౌట్ షేక్‌స్పియర్ మాక్‌బెత్‌ను ఐదుగురు నటులతో ఆడగలిగేలా కుదించి ఇచ్చారు. తమ మీద నిఘా ఉందని తెలిసిన ప్రేక్షకుల ముందు, అక్రమంగా సింహాసనం ఎక్కినవాడి కథను మోకాలి దూరంలో ఆడారు. అంతకు ముందు 1975 నవంబరు 1న ప్రాగ్ శివారులోని ఒక భోజనశాలలో ప్రభుత్వాన్ని ఎదిరించిన రచయిత వాత్స్లావ్ హావెల్ నాటకాన్ని ఔత్సాహికులు ఒకే ఒక్కసారి ఆడితే, ఆడినవారినే కాక చూసినవారిని కూడా పిలిచి విచారించారు.

బెలారుస్‌లో 2005లో మొదలైన ఫ్రీ థియేటర్ బృందం ఇళ్లలో, కాఫీ హోటళ్లలో, అడవిలో ఆడింది. చూడటానికి వచ్చేవారిని పాస్‌పోర్టు వెంట తెచ్చుకోమనేవారు, అరెస్టయితే పనికొస్తుందని. 2007 ఆగస్టులో మిన్స్క్‌లో ఆట మధ్యలోనే పోలీసులు వచ్చి నటులను, ప్రేక్షకులను పట్టుకుపోయారు.

మీ కథకు అన్నిటికన్నా దగ్గరగా కనిపించేది దక్షిణాఫ్రికాది. అథోల్ ఫ్యూగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ న్షోనా కలిసి 1972లో కేప్‌టౌన్‌లోని చిన్న రంగస్థలంలో ఆడిన నాటకంలో, పట్నంలో ఉండటానికి అనుమతి పుస్తకం లేని మనిషి, చచ్చిపోయినవాడి పుస్తకం తీసుకుని ఆ పేరుతో బతకాలా వద్దా అని తల్లడిల్లుతాడు. నల్లవారి వాడలో ఆడినప్పుడు ప్రేక్షకులు ఆట ఆపి, అతడు ఆ పుస్తకం తీసుకోవాలా వద్దా అని తమలో తామే వాదించుకున్నారని ఫ్యూగార్డ్ రాశారు. మీ కౌలు రైతుకు కూడా కావలసింది ఒక కాగితమే కదా. ఆ చోట మీ ప్రేక్షకులు కూడా నోరు విప్పుతారేమో, దానికి నాటికలో కొంత జాగా ఉంచండి.

ఊరి చివరి ఇల్లు (భీమవరం వైపు)

అందరూ మంచి మాటలే చెప్పారు. నాకు మొదటి సందేశంలోనే ఒకచోట గొంతు పట్టుకుంది, అది చెప్పకుండా ముందుకు పోలేకపోతున్నాను.

వైనతేయ తీరం గారూ, ఆ లోగిలి గడప ఎవరెవరు దాటారు? మా తాత ఒక మండువా ఇంట్లో ముప్పై ఏళ్లు పాలేరుతనం చేశాడు. ఆయనకు తెలిసింది పెరటి గుమ్మం, పశువుల సావడి, ధాన్యం గాదె. మీరు ఆకాశం కనిపిస్తుందని మురిసిపోయిన ఆ పల్లాన్ని ఆయన చచ్చేదాకా చూడలేదు. ఈ రోజు చట్టం ఒప్పుకోదు, ఎవరూ ఆపరు, నిజమే. అయినా మా పేట నుంచి ఒక ముసలాయనను తీసుకువెళ్లి, యజమాని బంధువు తెరిచిన సింహద్వారం ముందు చెప్పులు విప్పించి, ఆ వసారాలో కూర్చోబెట్టి, యజమాని మీద ప్రశ్న వేసే నాటిక చూపిస్తే ఆయన నాటిక చూస్తాడా, తాను ఎక్కడ కూర్చున్నాడో చూసుకుంటాడా?

దూరదేశి గారు చెప్పిన ప్రాగ్ ఇంటికీ మన ఇంటికీ ఒక తేడా ఉంది. అక్కడ పట్నం, ఫ్లాటులోకి వెళ్లిన మనిషి గుంపులో కలిసిపోయి ఇంటికి చేరుకుంటాడు. మన ఊళ్లలో చిన్న చోటు మనిషిని దాచదు, బయటపెడుతుంది. మైదానంలో రెండువేల మందిలో ఎవరు వచ్చారో ఎవరికీ పట్టదు. మండువాలోకి వెళ్లిన నలభై మంది పేర్లు తెల్లవారేసరికి టీ బడ్డీ దగ్గర ఉంటాయి. మన దగ్గర కౌలు నోటి మాట మీదే నడుస్తుంది. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని చేతే సంతకం పెట్టించుకోవలసి వచ్చింది. వచ్చే సార్వాకు చేను ఎవరికి ఇవ్వాలో ఆలోచించే మనిషికి ఆ నలభై పేర్లు తెలిస్తే చాలు. పోలీసు రానక్కరలేదు, కేసు పెట్టనక్కరలేదు.

ఆడవద్దని అనడం లేదు. ఎవరి గడప లోపల ఆడుతున్నారో ముందు తేల్చుకోండి, నటన సంగతి తరువాత.

వైనతేయ తీరం (రాజోలు వైపు)

ఊరి చివరి ఇల్లు గారూ, మీ సందేశాన్ని నిన్న రాత్రి మా వాళ్లందరికీ చదివి వినిపించాను. ఆ ఇంటి అందం చూసి నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. మా తొమ్మిది మందిలో ఇద్దరు ఆ లోగిలి పేరు చెప్పినప్పుడల్లా మాట్లాడకుండా ఉండేవారు. వారికి నాటిక మీద మనసు లేదని అనుకున్నానే కానీ, ఎందుకని ఒక్కసారి అడగలేదు. అడగవలసింది. ఇప్పుడు వారే పేటలోని సామాజిక భవనం సంగతి మాట్లాడుతున్నారు. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉంటుంది. రెండు ద్వారాలు ఉన్నాయి. పైన రేకు.

గుడ్డిదీపం (పాలకొల్లు)

రెండు ద్వారాలు ఉండటం మొదటి మంచి సంగతి. ఒకదానిని నటుల కోసమని మూసివేయకండి. జనం నిండిన గదిలో రెండూ తెరిచే ఉండాలి.

ఇక ఆట గురించి. మీలో పరిషత్తు అలవాటు ఉన్నవారు ఉంటే, ముందు ఆ వాచికాన్ని దించండి. వెనుక వరుసకు వినిపించాలని నేర్చుకున్న గొంతు ఆరడుగుల దూరంలో ఉన్న మనిషిని తిట్టినట్టు ఉంటుంది. మొదటి రిహార్సల్ అంతా పడుకునే ముందు ఇంట్లో మాట్లాడుకునే గొంతుతో చేయించి, ఎక్కడ వినపడలేదో అక్కడ మాత్రమే పెంచండి. రంగు పూసుకోవద్దు. గ్లిజరిన్ కన్నీళ్లు వద్దు, అంత దగ్గరలో సీసా గుర్తుకొస్తుంది.

రేకుల కప్పు కింద ఫ్యాన్లు తిరిగితే మాట పోతుంది, ఆపితే జనం ఉడికిపోతారు. కాబట్టి పొద్దు వాలాక గంట ఆగి మొదలుపెట్టి, ప్రదర్శన మొదలయ్యే వరకు ఫ్యాన్లు వేసి, ఆపై ఆపండి. దీపాలకు ఫోకస్ లైట్లు తేవద్దు; రెండు మామూలు బల్బులు అందరి తలల మీదా సమానంగా పడితే చాలు. చీకటిలో కూర్చున్న ప్రేక్షకుడు ఒంటరిగా చూస్తాడు, వెలుగులో కూర్చున్నవాడు ఎదుటివాడి ముఖం కూడా చూస్తాడు. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో తన శతాబ్ది బృందంతో చేసింది ఇదే. తెర, అలంకరణ, టిక్కెట్టు వదిలేసి, ప్రేక్షకులను నాలుగు వైపులా కూర్చోబెట్టి, నటులను వారి మధ్య నుంచే నడిపించారు. ఆయన వృత్తి పట్టణ ప్రణాళిక, అందుకే మనుషులు ఎక్కడ నిలబడితే ఏమవుతుందో అంత బాగా తెలిసిందేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. సుందరబన్ రైతుల బతుకును నాటకం చేసింది కూడా ఆయనే. అది కూడా ఉప్పునీటి డెల్టా.

కూర్చోబెట్టడంలో శ్రద్ధ పెట్టండి. ముందు రెండు వరుసలకు ఈతచాపలు, వాటి వెనుక బడి బల్లలు, చివర కుర్చీలు. కుర్చీ ఎవరికి, చాప ఎవరికి అన్నది మన దగ్గర చిన్న విషయం కాదు కనుక, కుర్చీలు మోకాళ్ల నొప్పులవారికి మాత్రమేనని ముందే చెప్పి, ఊరి పెద్ద వచ్చినా అదే మాట చెప్పండి.

డొంకదారి (రామచంద్రపురం)

ఆడవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కళాశాలలో పనిచేస్తూ, పిల్లలతో రెండు నాటికలు ఇళ్ల ముంగిట ఆడించాను. మొదటి దానికి స్త్రీలు వచ్చారు కానీ గుమ్మాల వెనుక, స్తంభాల చాటున నిలబడి చూశారు. చిన్న చోటు కాబట్టి వారికి జాగా లేదని కాదు. మగవారికి ఎదురుగా, వెలుగులో, ఒక మాటకు నవ్వినా ఏడ్చినా అందరూ చూసే చోట కూర్చోవడం వారికి భారమైంది. రెండవసారి డ్వాక్రా సంఘం సమావేశం రోజునే, అదే చోట, సాయంత్రం ఐదు గంటలకు పెట్టుకున్నాము. ఆ చోటు అప్పటికే వారిది. ఆట మధ్యలో ఒకావిడ పాత్రధారిణిని ఆపి, వడ్డీ లెక్క తప్పు చెబుతున్నావని సరిదిద్దింది.

మీ నాటికలో కౌలు రైతు భార్య ఉందా? నాట్లు వేసేది, కలుపు తీసేది, చేను చెరువైతే ముందుగా పని పోయేది ఆవిడకే. ఒక్క సన్నివేశంలో కాఫీ గ్లాసు అందించి వెళ్లిపోయే పాత్ర అయితే దయచేసి ఆడే లోపల మార్చండి.

సెల్‌ఫోన్ల గురించి కూడా ఒక మాట. ఇరవై క్షణాల వీడియో ముక్క బయటికి వెళితే మీ యాభై నిమిషాలు ఎవరికీ అక్కరలేదు. ఆటకు ముందు ఒక పెద్దావిడ చేత చెప్పించండి, యువకుల చేత చెప్పిస్తే వినరు.

పాత రంగస్థలం (కాకినాడ)

నా మొదటి అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నాను. నలభై మందికి ఆడటం చాలదని ఇప్పటికీ అంటాను. అయితే నలభై మంది చొప్పున ముప్పై పేటలలో ఆడితే అది నాకు తెలిసిన లెక్కే. 1989 జనవరి 1న ఢిల్లీ దగ్గరి సాహిబాబాద్‌లో వీధి నాటకాల సఫ్దర్ హష్మీ బృందం వీధిలో ఆడుతుండగా దాడి జరిగి, మరునాడు ఆయన చనిపోతే, జనవరి 4న భార్య మొలొయశ్రీ అదే చోటికి వెళ్లి మిగిలిన ఆట పూర్తిచేశారు. ఆ వార్త పత్రికలో చదివిన రోజు నేను పరిషత్తు రిహార్సల్‌కు వెళ్లలేకపోయాను. ఆడినచోటికి మళ్లీ వెళ్లడం అన్నది అప్పటి నుంచి నా మనసులో ఉంది. మీరు ఎక్కడ ఆడినా రెండవసారి కూడా అక్కడికి వెళ్లండి.

వైనతేయ తీరం (రాజోలు వైపు)

పదిహేడు రోజుల తరువాత రాస్తున్నాను. పోయిన ఆదివారం సామాజిక భవనంలో నాటిక ఆడాము. నలభై ఆరు మంది వచ్చారు, పిల్లలను లెక్కపెట్టలేదు. డొంకదారి గారి సందేశం చదివాక కౌలు రైతు భార్య పాత్రను తిరిగి రాశాము. ఇప్పుడు కచేరీకి వెళ్లి అడిగేది ఆవిడ, అతడు బయట సైకిలు పట్టుకుని నిలబడతాడు.

ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది. ఎవరో ఇంటి నుంచి ఛార్జింగు లైటు తెచ్చి నటుల మధ్యలో పెట్టారు, ఆట ఆగలేదు. ఒక యువకుడు ఫోనులో తీస్తుంటే పెద్దావిడ వద్దంది. అతడు లేచి బయటికి వెళ్లిపోయాడు, ఎక్కడికి వెళ్లాడో ఎవరి మనిషో తెలియదు, ఆ దిగులు మాకు ఇంకా ఉంది. వస్తామన్న ఇద్దరు కౌలు రైతులు రాలేదు. వారిని మేము ఏమీ అడగలేదు.

ధాన్యం కొలిచే సన్నివేశంలో చాప మీద కూర్చున్న ఒకాయన చెయ్యి ఎత్తి, కాటా దగ్గర తరుగు తీయడం మరిచిపోయారని అన్నాడు. నిజంగానే మరిచిపోయాము. నటుడు అక్కడికక్కడే తరుగు తీసి మళ్లీ లెక్క చెప్పాడు, బస్తాలు ఇంకా తగ్గాయి, ఆ గదిలో కొంతసేపు ఎవరూ కదలలేదు.

నేను ఊహించనిది అయిపోయాక జరిగింది. లోగిలి తాళం చెవి ఉన్న ఆ బంధువు పేటలోకి నడిచి వచ్చి, చివరి దాకా చాప మీదే కూర్చున్నారు. ఆయనకు రెండెకరాలు ఉన్నాయి, చెరువుకు ఇచ్చేశారు. చుట్టూ చెరువులు వచ్చాక బోదె పూడిపోయి, చేనులోకి మంచినీరు రాక, అమ్మలేక, వరి వేయలేక తానూ ఇచ్చానని, తన మాట ఈ నాటికలో ఎక్కడుందని అడిగారు. తరుగు సంగతి చెప్పిన ఆయనే ఆయనకు జవాబు చెప్పారు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, గొంతులు లేచాయి, ఒప్పుకోలేదు. మేము తొమ్మిది మందిమి గోడకు ఆనుకుని వింటూ ఉండిపోయాము. ఆ వాదనను నాటికలో పెట్టాలా, ఆట తరువాత ఖాళీగా ఉంచి జనానికే వదిలేయాలా అని ఇంకా తేల్చుకోలేదు.

వచ్చే నెల రెండవ ఆదివారం అదే భవనంలో మళ్లీ ఆడుతున్నాము, ఆ పై వారం అవతలి గట్టు మీది లంకలో. అక్కడ భవనం లేదు, కొబ్బరి పీచు తీసే పాక ఒకటి ఇస్తామన్నారు. నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఈతచాపలు పదిహేను కావాలి.

గుడ్డిదీపం (పాలకొల్లు)

నా దగ్గర ఎనిమిది ఉన్నాయి. శనివారం రేవు దాకా తెచ్చి ఇస్తాను. పీచు పాకలో పొయ్యి కానీ వేలాడే వైర్లు కానీ ఉన్నాయేమో ముందు రోజు వెళ్లి చూడండి, పీచుకు నిప్పు అంటుకుంటే ఆపలేము.

ఊరి చివరి ఇల్లు (భీమవరం వైపు)

మిగిలిన ఏడు మా పేట నుంచి వస్తాయి. లంకలో ఆటకు మా నాన్నను కూడా తీసుకువస్తున్నాను, పంటు ఎన్ని గంటలకో చెప్పండి.